తుపాకీ తొడుగు కథ: బరువు, ధర, వేడి

తెలుగులో తుపాకి. టర్కీ భాషలో తుఫెక్. పారసీలో తుఫంగ్. కువైట్‌లో పాతతరం వాళ్లు తుఫగ్ అంటారు. మిష్రిఫ్‌లో మా పక్కింటి పెద్దాయన ఒకసారి ఆ మాట అన్నప్పుడు నాకు అర్థం ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. మన ఇంకో మాట బందూకు కూడా ఈ వైపు నుంచే వచ్చింది. అరబిక్‌లో రైఫిల్‌ను బుందుఖియ్యా అంటారు. అంటే మనం ఇంట్లో మాట్లాడే భాషలో తుపాకి పేర్లు చాలా దూరం ప్రయాణం చేసి వచ్చినవి.

కానీ తుపాకిలో ఒక భాగానికి మాత్రం తెలుగులో స్థిరమైన పేరు నాకు దొరకలేదు. గొట్టం ఉంది, మడమ ఉంది, గుర్రం ఉంది. ఎడమ చెయ్యి పట్టుకునే చోట, గొట్టం చుట్టూ ఉండే భాగాన్ని అందరూ హ్యాండ్‌గార్డ్ అనే అంటున్నారు. నేను దాన్ని తొడుగు అని రాస్తాను. చిన్న భాగమే. అయినా బరువు, ధర, వేడి అనే మూడింటి మధ్య 100 ఏళ్లకు పైగా సాగిన గొడవ అంతా ఇందులో కనబడుతుంది.

దీని గురించి చదవడానికి కారణం మా పెదనాన్న కొడుకు. అన్నయ్య టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి గురి సాధన కోసం సొంతంగా ఒక రైఫిల్ కూర్చుకుంటున్నాడు. "తేలికగా ఉండాలి, చవకగా ఉండాలి. ఏది తీసుకోమంటావు రా?" అని అడిగాడు. కువైట్‌లో లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోవడం నేరం. నా దగ్గర తుపాకి లేదు, చరిత్ర పుస్తకాల పిచ్చి మాత్రం ఉంది. అందుకే నేను చరిత్ర వైపు నుంచి జవాబు వెతికాను.

పాత తుపాకులకు గొట్టం కింద మాత్రమే చెక్క ఉండేది. ఒక్కసారి పేల్చాక మళ్లీ మందు కూరి, గుండు వేసి, గజంతో దట్టించాలి. ఇంత సమయంలో గొట్టం పెద్దగా కాలదు. 19వ శతాబ్దం చివర పొగ లేని మందు, వరసగా తూటాలు అందించే మ్యాగజీన్ వచ్చాయి. సైనికుడు నిమిషానికి చాలాసార్లు పేల్చగలిగాడు. గొట్టం కాలింది, దాంతో చెయ్యీ కాలింది. అప్పుడు గొట్టం పైన కూడా చెక్క వచ్చింది. తొడుగు పుట్టింది అలంకారానికి కాదు, వేడికి.

మన ఊళ్లలో అందరికీ తెలిసిన త్రీ నాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, దీనికి మంచి ఉదాహరణ. దాని చెక్క గొట్టం చివరిదాకా ఉంటుంది. మొత్తం బరువు దాదాపు 4 కిలోలు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, ఖర్చు తగ్గించడానికి బ్రిటిష్ వాళ్లు దాని నుంచి కొన్ని చిన్న భాగాలు తీసేశారు. చెక్కను మాత్రం తీయలేకపోయారు. ఆ చెక్కను గొట్టానికి సరిగ్గా కుదర్చడం చేతిపని. తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని నెడితే గురి పక్కకు పోతుంది. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన రైఫిళ్లకు ముందు చెక్కలో అడ్డంగా ఒక స్క్రూ కనబడుతుంది. చెక్క పగలకుండా వేసిన బలం అది.

మా అబ్బ ఈ రైఫిల్ మోశాడు. కడప వైపు కొన్ని ఇళ్లలో తాతను అబ్బ అంటారు. ఆయన పోలీసు శాఖలో కానిస్టేబులు. సైన్యం వేరే రైఫిళ్లకు మారిపోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా మన పోలీసులకు త్రీ నాట్ త్రీలే ఉండేవి. ఎండలో గంటల తరబడి కాపలా నిలబడితే భుజం మీద ఆ 4 కిలోలు 10 కిలోలు అవుతాయని ఆయన చెప్పేవాడు. రైఫిల్ బరువు నిర్ణయించినవాడు ఎక్కడో ఆఫీసులో ఉన్నాడు. మోసినవాడు కడప ఎండలో ఉన్నాడు. ఈ చరిత్రలో నాకు ముఖ్యం అనిపించిన విషయం ఇదే.

బరువు తగ్గించే ఆలోచన విమానాల వాళ్ల నుంచి వచ్చింది. ఆర్మలైట్ అనేది అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ అనే విమానాల కంపెనీలో 1954లో మొదలైన విభాగం. అక్కడ యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు ఉక్కు, చెక్క బదులు చాలా చోట్ల అల్యూమినియం, ప్లాస్టిక్ వాడాడు. ఆ దారిలో వచ్చిన ఎం-16 బరువు సుమారు 3 కిలోలు. దాని తొడుగు ప్లాస్టిక్. వేడి చేతికి తగలకుండా లోపల పల్చటి అల్యూమినియం రేకు పెట్టారు.

ఆ మొదటి తొడుగు మూడు పలకలుగా ఉండేది. రెండు ముక్కలు: ఒకటి ఎడమది, ఒకటి కుడిది. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టలేరు. అందుకే గిడ్డంగిలో రెండు రకాలూ ఉంచాలి. 1980లలో వచ్చిన ఎం-16ఏ2 తొడుగు గుండ్రంగా, గీతలతో వచ్చింది. దాని రెండు ముక్కలూ ఒకటే రకం. ఏది విరిగినా అదే ముక్క చాలు. చవక అంటే కొనే ధర ఒక్కటే కాదు, తర్వాత బాగుచేసుకునే ఖర్చు కూడా.

మన ఇన్సాస్ రైఫిల్ 1990లలో వచ్చింది. దానికీ ప్లాస్టిక్ తొడుగే. అయినా బరువు 4 కిలోలు దాటింది. 1999లో కార్గిల్ చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. తేలిక వస్తువు వాడే చోటి వాతావరణానికి తట్టుకోకపోతే ఆ తేలికతనం వల్ల లాభం లేదు.

తర్వాత వచ్చింది రైల్. తెలుగులో రైలు అంటే బండి కదా, ఇక్కడ దాని అర్థం పళ్లున్న పట్టా. టార్చి, దుర్భిణి, పిడి లాంటివి బిగించడానికి అది కావాలి. 1995లో అమెరికా సైన్యం పికటినీ అనే పట్టాకు ఒకే కొలత నిర్ణయించింది. పళ్ల మధ్య దూరం సుమారు 10 మిల్లీమీటర్లు. ఎవరు చేసిన వస్తువైనా ఎవరి పట్టాకైనా పడుతుంది. ఇది గొప్ప మేలు. కానీ తొడుగుకు నాలుగు వైపులా ఈ పళ్లు పెట్టడం మొదలయ్యాక బరువు పెరిగింది. పళ్లు చేతికి గుచ్చుకున్నాయి. వాటి మీద రబ్బరు మూతలు వేశారు, బరువు ఇంకా పెరిగింది. మిషను మీద అన్ని పళ్లు చెక్కడానికి సమయం ఎక్కువ, కాబట్టి ధరా ఎక్కువే. అందులో సగం పళ్లు చాలామంది ఎప్పుడూ వాడరు.

దీనికి జవాబు గాట్లు. 2012లో కీమాడ్, 2014లో మ్యాగ్‌పుల్ కంపెనీ వారి ఎం-లాక్ వచ్చాయి. తొడుగు నున్నగా ఉంటుంది, అక్కడక్కడ పొడుగు గాట్లు ఉంటాయి. అవసరమైన చోట మాత్రమే చిన్న పట్టా ముక్క బిగించుకోవాలి. గాటు పెడితే లోహం తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. అమెరికా ప్రత్యేక దళాల కోసం చేసిన పరీక్షల్లో ఎం-లాక్ ముందు నిలిచింది. తర్వాత మార్కెట్ ఆ వైపే వెళ్లింది.

ఇక అన్నయ్యకు నేను చెప్పింది.

ముందు ఏమేమి బిగించాలో కాగితం మీద రాసుకో. ఒక టార్చి, ఒక పిడి అయితే నాలుగు వైపుల పళ్లు వద్దు, ఎం-లాక్ గాట్లు చాలు. డబ్బు బాగా తక్కువైతే పాత రకం రెండు ముక్కల ప్లాస్టిక్ తొడుగు అన్నిటికన్నా చవక, వేడి కూడా చేతికి తక్కువ తెలుస్తుంది. గురి ముఖ్యమైతే గొట్టాన్ని తాకకుండా వెనక నట్టు దగ్గర మాత్రమే బిగిసే తొడుగు మంచిది. త్రీ నాట్ త్రీ చెక్క నేర్పిన పాఠం అదే. లోహం 6061 రకం అల్యూమినియం అయితే సాధనకు సరిపోతుంది. 7075 రకం గట్టిది, ధర ఎక్కువ, బరువులో తేడా మాత్రం దాదాపు లేదు. కార్బన్ ఫైబర్ ఇంకా తేలిక, ఇంకా ఖరీదు. అవసరానికి మించి పొడుగు వద్దు. నిండు బిందెను చంకలో పెట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. గొట్టం చివర ఉన్న 100 గ్రాములు కూడా అలాగే చేతిని లాగుతాయి.

చివరగా వేడి. అల్యూమినియం వేడిని త్వరగా చేతికి పంపుతుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. మిష్రిఫ్‌లో జులై మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు తలుపు పట్టుకున్నవాళ్లకు నల్లటి లోహం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. టెక్సాస్ ఎండ కూడా తక్కువది కాదు. పల్చటి చేతి తొడుగులకు కొంచెం డబ్బు మిగుల్చుకో అన్నాను.

2024 జనవరిలో డీఆర్‌డీఓ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ అనే కంపెనీ కలిసి చేసిన ఉగ్రం రైఫిల్‌ను పుణెలో చూపించారు. బరువు 4 కిలోల లోపే ఉంచామని ప్రత్యేకంగా చెప్పారు. ఆ వార్త చదివి నేను అబ్బ భుజం గుర్తు చేసుకున్నాను. ఆయనకు ఎంచుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అన్నయ్యకు ఉంది. ఎంచుకునేవాడూ మోసేవాడూ ఒకడే అయినప్పుడు, అక్కర్లేని పళ్లకు డబ్బు పెట్టి ఆ బరువు మోయడం ఎందుకు?

ఈసారి మన మాటలు: గొట్టం, మడమ, గజం, తూటా, గాటు, తొడుగు.