జ్వరానికి పేరు పెడితే సరిపోతుందా? అండమాన్ చెప్పే పాఠం

అండమాన్ అనగానే మనకి సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. కానీ ఆ దీవులకి జైలు చరిత్ర ఎంత ఉందో, జ్వరాల చరిత్ర కూడా అంతే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అంటే ఇది మనవాళ్ళ కథ కూడా. సముద్రం దాటితే కులం పోతుందనే భయాన్ని బ్రిటిష్ వాళ్ళు శిక్షలో భాగం చేసుకున్నారు. 'కాలాపానీ' అన్న మాటకి అంత బలం రావడానికి కారణం అదే. ఆ భయం పోయింది. కానీ 'నీళ్ళు పడలేదు', 'గాలి సోకింది' అనే మాటలు మాత్రం మన నోళ్ళలో ఇంకా నానుతూనే ఉన్నాయి.

విశేషమేమిటంటే ఒకప్పుడు దొరలు నమ్మింది కూడా 'గాలి సోకడాన్నే'. మలేరియా అన్న మాటకి అర్థమే చెడ్డగాలి! 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పెట్టిన వలస స్థావరాన్ని 1792లో ఉత్తర అండమాన్ కి మార్చారు. రోగాలకీ చావులకీ తట్టుకోలేక 1796లో మూసేశారు. మళ్ళీ 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ దిగాడు. మూడు నెలలు తిరక్కుండానే, వచ్చిన 773 మందిలో 64 మంది ఆసుపత్రిలో చనిపోయారని ఆనాటి లెక్క. 87 మందిని ఉరి తీశారు. అదీ ఆ వైద్యుడి పాలన!

ఇక్కడ ఒకటి గమనించండి. వాకర్ చేతిలో సర్వాధికారాలూ ఉన్నాయి. ఆయనే వైద్యుడు, ఆయనే జైలరు, ఊరు కట్టించేదీ ఆయనే. కాలువ తవ్వించాలంటే ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు. లేనిదల్లా ఒక్కటే, జ్వరం ఎందుకొస్తుందో తెలియడం.

అది తెలిసింది మన సికింద్రాబాద్ లో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తర్వాత క్రిస్టఫర్స్ అనే వైద్యాధికారి అండమాన్ మలేరియాని పరిశోధించి 1912లో నివేదిక ఇచ్చాడు. దాని సారాంశం చాలా సింపుల్. జ్వరం దీవి అంతటా లేదు, ఉప్పునీటి మడుగులకి దగ్గరగా ఉన్న చోట్లే ఉంది. కారణం ఉప్పునీళ్ళలో పెరిగే ఒక రకం అనాఫిలిస్ దోమ. అంటే తప్పు గాలిది కాదు, దీవిది కాదు, ఫలానా మడుగుది. మడుగుని ఏం చేయాలో మనిషికి తెలుసు. గాలిని ఏం చేస్తాం?

స్వాతంత్ర్యం తర్వాత జ్ఞానం పెరిగింది, అధికారం మాత్రం ముక్కలైంది. ముక్కలవడం తప్పని నేను అనడం లేదు. వాకర్ లాంటి ఏకవ్యక్తి పాలన ఎవరికి కావాలి? 1957లో పోర్ట్ బ్లెయిర్ కి మునిసిపల్ బోర్డు వచ్చింది. 1994 చట్టంతో అది మునిసిపల్ కౌన్సిల్ అయింది. దీవులన్నిటికీ కలిపి మునిసిపాలిటీ అదొక్కటే. మిగతా చోట్ల పంచాయతీలు, నికోబార్ లో గిరిజన కౌన్సిళ్ళు. ఆరోగ్యశాఖ మాత్రం దీవులన్నిటికీ ఒకటే. రోగిని చూసేది, రక్తం పరీక్షించేది, కేసులు లెక్కపెట్టేది ఆరోగ్యశాఖ. చెత్త ఎత్తేది, మురుగుకాలువ తీసేది, కుళాయికి నీళ్ళు వదిలేది మునిసిపాలిటీ. ఆ నీళ్ళని ధనికారి డ్యామ్ నుంచి తెచ్చేది ప్రజాపనుల శాఖ. జ్వరం ఒకటే, ఆఫీసులు మూడు!

దీని ఫలితం అర్థం కావాలంటే మలేరియాని కాసేపు పక్కన పెట్టి ఇంకో జ్వరం సంగతి చూడాలి. 1988 నుంచి ఉత్తర అండమాన్ లోని డిగ్లీపూర్ ప్రాంతంలో వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఏటా ఒక జ్వరం వచ్చేది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై మనుషులు చనిపోయేవారు. దానికి 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అని పేరు పెట్టారు. పేరు ఘనంగా ఉంది, కానీ అందులో సమాచారం ఏముంది? అండమాన్ లో వస్తుంది, రక్తం వస్తుంది, జ్వరం వస్తుంది. ఇంతే కదా! అమ్మవారు పోసిందని అనడానికీ దీనికీ తేడా ఎంత?

1983లో పోర్ట్ బ్లెయిర్ లో మొదలైన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం 1993లో అసలు సంగతి తేల్చింది. అది లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీళ్ళ నుంచీ బురద నుంచీ మనిషికి సోకే క్రిమి. ఇంకా పెద్ద విషయం ఏమిటంటే, ఇదే రోగం అండమాన్ లో ఉందని టేలర్, గోయల్ అనే వైద్యులు 1931లోనే రాసిపెట్టారు! దీవుల్లో తెలిసిన విషయాన్ని దీవులే మరిచిపోయాయి. జ్ఞానం పుస్తకంలో ఉంటే చాలదు. ప్రతి ఏడూ కాలువ తీసేవాడి పనిలోకీ, జ్వరం చూసే డాక్టరు అనుమానంలోకీ రావాలి.

కారణం తెలిసింది కదా, మాత్రలు పంచితే పోదా అని అడగొచ్చు. దాన్నీ పరీక్షించారు. అండమాన్ లోనే 782 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి డాక్సీసైక్లిన్, రెండో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఫలితాలు 2000లో వచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళలో 3.11 శాతం మందికి జబ్బు చేస్తే, వేసుకోనివాళ్ళలో 6.82 శాతం మందికి చేసింది. జబ్బు సగానికి తగ్గింది. కానీ క్రిమి సోకడం మాత్రం తగ్గలేదు! అంటే ఆరోగ్యశాఖ తన పని నూటికి నూరుపాళ్ళు చేసినా ఎలుకా, బురదా, చెత్తా అక్కడే ఉంటాయి. వాటి సంగతి చూడాల్సింది పట్టణంలో మునిసిపాలిటీ, పల్లెలో పంచాయతీ.

దోమ విషయంలోనూ ఇదే తంతు. 2006లో చికున్ గున్యా దీవుల్ని కుదిపేసింది. తర్వాత డెంగీ కూడా వచ్చింది. వీటిని మోసే ఏడిస్ దోమ ఇంట్లో నిలవపెట్టిన మంచినీళ్ళలో పెరుగుతుంది. ధనికారిలో నీళ్ళు అడుగంటిన ఎండాకాలాల్లో పోర్ట్ బ్లెయిర్ కుళాయిలకి రోజు విడిచి రోజు కూడా నీళ్ళు రాని సందర్భాలున్నాయి. నీళ్ళు రాకపోతే జనం డ్రమ్ముల్లో పట్టుకోక ఏం చేస్తారు? అప్పుడు ఆరోగ్య కార్యకర్త వచ్చి 'నీళ్ళు నిలవ ఉంచకండి' అంటాడు. కుళాయి కట్టేసే ఆఫీసు ఒకటి, డ్రమ్ము దొర్లించమనే ఆఫీసు మరొకటి. మధ్యలో తిట్లు తినేది గృహిణి.

ఇక పొగబండి సంగతి. మన ఊళ్ళలో లాగే ఎక్కడైనా జనానికి కనపడే చర్య అదే. పొగ ఎగిరే దోమల్ని కొన్నిటిని చంపుతుంది. డ్రమ్ములో ఉన్న దోమ పిల్లల జోలికి పోదు. కేసులు వచ్చిన చోట వెంటనే కొడితే కొంత ప్రయోజనం ఉంది. కానీ డ్రమ్ముకి మూత లేకుండా, కుళాయికి నీళ్ళు లేకుండా కొట్టే పొగకీ యజ్ఞధూమానికీ నాకు పెద్ద తేడా కనపడదు.

2004 డిసెంబర్ 26 సునామీతో దక్షిణ అండమాన్ లో నేల కుంగింది. వరిపొలాల్లోకి సముద్రం వచ్చి ఉప్పు మడుగులయ్యాయి. క్రిస్టఫర్స్ చెప్పిన దోమ పెరిగేది అలాంటి నీళ్ళలోనే. పరిశోధకులు 2005లోనే మలేరియా ముప్పు గురించి హెచ్చరించగలిగారంటే, తొంభై ఏళ్ళనాటి ఆ జ్ఞానం ఈసారి మరుగున పడలేదన్నమాట.

మనం బాబాల్ని ప్రశ్నిస్తాం, తాయెత్తుల్ని ప్రశ్నిస్తాం. మంచిదే. దాంతోపాటు మునిసిపల్ ఆఫీసుకి కూడా వెళ్దాం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. పేరు మారినంత మాత్రాన కాలువ మారదు. ఏ వార్డులో ఎన్ని జ్వరాలు, ఆ వార్డుకి నెలలో ఎన్ని రోజులు నీళ్ళు వచ్చాయి, కాలువ ఎప్పుడు తీశారు, ఈ మూడు లెక్కలూ ఒకే కాగితం మీద పెట్టమని అడుగుదాం. అక్కడే కాదు, మన విశాఖలో, మన హైదరాబాదులో కూడా. ఆ కాగితం ఉన్నచోట 'గాలి సోకింది' అనే మాటకి చోటుండదు.