పాదపు ఎముకల క్షయ: హెన్లీ ఉదంతం – వైద్యచరిత్ర పరిశీలన

క్షయ అనగానే ఊపిరితిత్తులు స్ఫురిస్తాయి. అయితే ఆ వ్యాధి రక్తం ద్వారా ఎముకలకు, కీళ్లకు కూడా వ్యాపిస్తుంది. వెన్నెముక, తుంటి, మోకాలితో పోలిస్తే పాదంలో అది అరుదు. ఆంగ్లకవి విలియం ఎర్నెస్ట్ హెన్లీ (1849–1903) ఉదంతం ఆధారంగా ఈ వ్యాధి నిర్ధారణ, చికిత్సలలో వచ్చిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హెన్లీకి బాల్యంలోనే ఎముక క్షయ సోకింది. సుమారు ఇరవయ్యేళ్ల ప్రాయంలో ఎడమకాలిని మోకాలి దిగువన తొలగించారు. నాటికి వ్యాధికారకం తెలియదు. వాపు, నొప్పి, ఎరుపు గాని వేడి గాని అంతగా లేని చీముగడ్డ, మానని పుండు – ఇవే వైద్యునికి ఆధారాలు. వ్యాధి ముదిరితే అవయవాన్ని తొలగించేవారు. తరువాత కుడిపాదానికీ అదే ముప్పు ఏర్పడింది. హెన్లీ 1873లో ఎడింబరో రాయల్ ఇన్‌ఫర్మరీలో జోసెఫ్ లిస్టర్‌ను ఆశ్రయించాడు.

శస్త్రచికిత్స గాయాలు చీముపట్టకుండా కార్బాలిక్ ఆమ్లం వాడే పద్ధతిని లిస్టర్ 1867లోనే ప్రకటించాడు. ఆ రక్షణతో పాదంలో పాడైన ఎముకను తొలగించి, పాదాన్ని నిలిపాడు. అందుకు హెన్లీ సుమారు ఇరవై నెలలు ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. ‘ఇన్ హాస్పిటల్’ కవితలకు ఆ అనుభవమే మూలం.

ఈ విజయాన్ని క్షయపై విజయంగా భావించడం సరికాదు. క్షయకారక బాక్టీరియాను రాబర్ట్ కోచ్ ప్రకటించింది 1882లో. లిస్టర్ పద్ధతి శస్త్రచికిత్స గాయాన్ని ఇతర సూక్ష్మజీవుల నుండి కాపాడింది. క్షయకు మందు కాలేదు. ఆ మందు 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్‌తో మొదలైంది.

1895లో వెలుగుచూసిన ఎక్స్‌రే ఎముక లోపలి స్థితిని చూపగలిగినా, వ్యాధి తొలిదశలో అది మామూలుగానే కనిపించవచ్చు. నేడు ఎంఆర్ఐ వ్యాధి విస్తృతిని తెలుపుతుంది. తుది నిర్ధారణకు మాత్రం ఎముక నుండి గాని చీము నుండి గాని నమూనా తీసి, సూక్ష్మదర్శిని, కల్చర్, జన్యు పరీక్షలు జరపాలి. నిర్ధారణ అయితే పలు మందులను కలిపి నెలల తరబడి వాడతారు. చాలామందికి శస్త్రచికిత్స అవసరం రాదు.

అయినా పాదపు క్షయను బెణుకుగా, కీళ్లవాతంగా పొరబడటం నేటికీ ఉంది. హెన్లీ కాలంలో మందు లేక పాదాలు పోయాయి. నేడు మందు ఉన్నా, తగ్గని వాపును సకాలంలో అనుమానించకపోతే ఎముకకు, కీలుకు కలిగే నష్టం శాశ్వతమవుతుంది.