మా మరిది, మా అబ్బాయి, మధ్యలో ఒక ఊదుగొట్టం

దసరా నుంచి మా ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవడం లేదు. ఒకరు మా అబ్బాయి, రెండోవారు వాళ్ల బాబాయ్, అంటే మా మరిది. పొలం తగాదా అనుకునేరు, కాదు. కారు ఇంజన్ గురించి. నవ్వకండి. వాడికి నడక నేర్పింది నేనైతే, శారదా నది గట్టు మీద సైకిలు, మోటారు సైకిలు, ఆఖరికి కారు కూడా నేర్పింది ఆయనే. అలాంటి మనిషితో మా వాడు "నీ కాలం అయిపోయింది బాబాయ్" అనేశాడు. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. నేను చేసిన పనసపొట్టు కూర అలాగే మిగిలిపోయింది.

విషయం ఇంతే. మా వాడు కొనాలనుకున్న కారుకి టర్బో ఇంజన్. మా మరిదికి ఆ మాటంటేనే పడదు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పాలంటే ముందు అసలు ఆ టర్బో ఏమిటో తెలియాలి కదా అని, మధ్యాహ్నాలు సీరియల్ మానేసి మరీ చదివాను. చదివాక తెలిసింది, ఈ గొడవ మా ఇంట్లో మొదలైంది కాదు, యాభై ఏళ్లుగా ప్రపంచమంతా నడుస్తున్నదేనని.

మా మరిది వైపు నుంచి మొదలుపెడతాను. 2011 అక్టోబరు 30, దీపావళి వెళ్లిన నాలుగో రోజు, ఆదివారం. గ్రేటర్ నోయిడాలో మన దేశంలో మొట్టమొదటి ఫార్ములా వన్ పందెం. ఈయన దాచుకున్న డబ్బంతా పెట్టి టికెట్ కొనుక్కుని వెళ్లాడు. పందెం మొదలవగానే ఇంటికి ఫోన్ చేసి "వినండి వదినా" అని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. ఆ మోత ఏమని చెప్పను, చెవిలో తూనీగలు లక్ష దూరినట్టు. పక్క గదిలో కునుకు తీస్తున్న మా అత్తయ్య ఉలిక్కిపడి లేచి "ఏటమ్మా ఆ రొద, మిక్సీలో రాళ్లు గానీ ఏసినావేటి?" అంది.

ఆ రోజు మేము విన్నది సొంత ఊపిరి ఇంజన్ గొంతు. ఆ పేరు నేను పెట్టుకున్నదే. మామూలు ఇంజన్ తనంతట తాను గాలి పీల్చుకుంటుంది, అందుకని. 2.4 లీటర్ల ఇంజన్, ఎనిమిది సిలిండర్లు, నిమిషానికి 18,000 తిప్పులు. మన దగ్గర ఆ పందెం 2011, 2012, 2013 మూడేళ్లే జరిగింది. 2014లో ఫార్ములా వన్ వాళ్లు నియమాలు మార్చి 1.6 లీటర్ల టర్బో ఇంజన్లు తెచ్చారు. ఆ ఏడాది నుంచే మన దేశంలో పందెమూ లేదు. అంటే మన నేల మీద ఫార్ములా వన్ పందెంలో పరుగెత్తినవన్నీ ఆ పాత గొంతుకలే. మా మరిది మనసు అక్కడే ఆగిపోయిందంటే నాకు ఆశ్చర్యమనిపించలేదు.

ఇక టర్బో. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు, కట్టెల పొయ్యి తెలిస్తే చాలు. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే పద్నాలుగు, పదిహేను కిలోల గాలి కావాలి. సిలిండర్ ఎంత పెద్దదో అంత గాలే లోపలికి వస్తుంది. ఎక్కువ బలం కావాలంటే ఇంజన్ పెద్దది చెయ్యాలి, లేదా మరింత వేగంగా తిప్పాలి. మూడో దారి ఊదుగొట్టం. పొయ్యి చిన్నదే అయినా గొట్టం పెట్టి ఊదితే మంట ఎలా లేస్తుంది! అదే టర్బో.

మరి ఊదేది ఎవరు? ఇక్కడే నాకు మా అనకాపల్లి గుర్తొచ్చింది. మా అత్తయ్య పుట్టింటి వాళ్లకి కశింకోట వైపు చెరకు ఉండేది. గానుగాడిన తర్వాత మిగిలిన పిప్పిని ఎండబెట్టి, ఆ పిప్పినే పొయ్యిలో పెట్టి, పైన పెనంలో అదే చెరకు రసాన్ని కాచి బెల్లం చేసేవారు. పారేయాల్సిందే పని చేసిపెడుతుంది. టర్బోలోనూ అంతే. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, దానికి కలిపిన రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్షకి పైగా తిరుగుతాయట. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ముందు ఓడలకి, పైన పల్చటి గాలిలో ఎగిరే విమానాలకి, లారీలకి వచ్చింది. షికారు కార్లకి చాలా ఆలస్యంగా.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు జెట్‌ఫైర్ అనే కారులో పెట్టారు. షెవర్లే కూడా అదే ఏడాది కొర్వేర్‌లో పెట్టింది. జెట్‌ఫైర్ కథ చదివి నాకు నవ్వాగలేదు. గాలి నొక్కి పంపితే ఇంజన్ లోపల వేడెక్కిపోయి ముందే మండుతోందని, చల్లబరచడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం ఒక సీసాలో పోసి పెట్టమన్నారు. జనం పోయడం మరిచిపోయేవారు. చివరికి చాలా కార్లకి ఆ టర్బో ఊడదీసి మామూలు ఇంజన్‌లా మార్చేశారు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పొయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినని మగవాళ్లున్న ఇంట్లో ఇది అర్థం కాకపోవడం ఏముంది!

1973లో బీఎమ్‌డబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. 170 హార్స్ పవర్. ముందు వెళ్లే వాడికి అద్దంలో సరిగ్గా కనబడేలా, మన అంబులెన్సు మీద ఉన్నట్టు, పేరు తిరగేసి రాశారు. దారి ఇమ్మని బెదిరింపు అన్నమాట. దానికి విమర్శలొచ్చాయి. అదే సమయంలో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి, కారు కథ అక్కడితో ముగిసింది, 1,700 కూడా అమ్ముడవలేదు.

తర్వాత 1974లో చూపించి, 1975 నుంచి అమ్మిన పోర్షే 911 టర్బో. 260 హార్స్ పవర్. ఈ కారుకి వచ్చిన మారుపేరు చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆడవాళ్ల పసుపు కుంకాలు తుడిచేసేది అని దాని అర్థం. ఎందుకంటే, ఊదుగొట్టానికీ మంటకీ మధ్య ఒక క్షణం ఉంటుంది కదా, ఆ కార్లలో అది చాలా ఎక్కువ. మలుపులో కాలు నొక్కితే ఏమీ జరగదు. ఇంకా నొక్కుతాడు. అప్పుడు ఒక్కసారిగా బలమంతా వచ్చి పడుతుంది. భయపడి కాలు తీస్తే, ఇంజన్ వెనక ఉన్న బండి కాబట్టి తోక తిరిగిపోతుంది.

ఇది మా మరిదికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. చిన్నప్పటి స్నేహితుడొకడు చాలా ఏళ్ల కిందట ఒక టర్బో డీజిల్ బండితో హైవే మీద లారీని దాటబోయాడట. బండి లేవలేదు, లేవలేదు, తీరా పక్కకి వచ్చేసరికి ఒక్క ఊపున దూకింది. ప్రాణం దక్కింది, ఒక కాలు పోయింది. "శబ్దం గురించి నేను చెప్పేదంతా పైపై మాటలు వదినా, వాడు ఆ కారులో ఒక్కడూ వెళ్తుంటే నాకు ఆ కాలే గుర్తొస్తుంది" అన్నాడు. ఇన్నాళ్లూ ఈయన పాటల పిచ్చి లాంటి ఇంజన్ పిచ్చితో సతాయిస్తున్నాడనుకున్నాను.

పందాల్లోనూ టర్బోని ఎవరూ వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. 1977లో రెనో కంపెనీ ఫార్ములా వన్‌కి టర్బో కారు తెస్తే, మాటిమాటికీ ఆవిరి కక్కి ఆగిపోతోందని పసుపు రంగు టీ కెటిల్ అని వెక్కిరించారు. రెండేళ్లకి, 1979లో, సొంత దేశంలో ద్జాన్ పట్నంలో అదే కంపెనీ గెలిచింది. 1980ల మధ్యకి 1.5 లీటర్ల ఇంజన్లు వెయ్యి హార్స్ పవర్ దాటాయి. 1988లో మెక్‌లారెన్ హోండా 16 పందాల్లో 15 గెలిచింది. ఆ ఏడాదితోనే టర్బోని నిషేధించారు. పాతికేళ్ల తర్వాత మళ్లీ వాళ్లే రమ్మన్నారు.

ఎందుకు రమ్మన్నారు? మా వాడు అనుకునేటట్టు టర్బో గొప్పదని జనం మనసు పారేసుకుని కాదు. పొగ లెక్కల వల్ల. ఐరోపా 2009లో చట్టం చేసింది, 2015 కల్లా అమ్మే కొత్త కార్ల సగటు కిలోమీటరుకి 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదని. చిన్న కంపెనీలకి కొంత సడలింపు ఉన్నా ఒత్తిడి అందరికీ తగిలింది. పరీక్షగదిలో కారుని నెమ్మదిగా నడిపి చూస్తారు. అక్కడ చిన్న ఇంజన్ తక్కువ తాగుతుంది, అవసరమైనప్పుడు టర్బో ఆదుకుంటుంది. రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఆ పొదుపు చాలావరకు ఎగిరిపోతుంది, అది వేరే సంగతి. ఫెరారీ 458 అని ఒకటుండేది, 4.5 లీటర్లు, 570 హార్స్ పవర్, 9,000 తిప్పుల దగ్గర పాడేది. 2015లో దాని స్థానంలో 488 వచ్చింది, 3.9 లీటర్లు, రెండు టర్బోలు, 670 హార్స్ పవర్. పొగ లెక్క 307 గ్రాముల నుంచి 260కి దిగింది. బలం పెరిగింది, పొగ తగ్గింది, పాట తగ్గింది. అదే ఏడాది పోర్షే మామూలు 911కి కూడా టర్బోలు పెట్టేసింది. వాళ్ల చిన్న కారుకి 2016లో నాలుగు సిలిండర్ల టర్బో పెడితే ఆ గొంతు బాగాలేదని కొనేవాళ్లు గోల చేశారు. 2020లో ఆరు సిలిండర్ల సొంత ఊపిరి ఇంజన్ని కొన్నిటిలో తిరిగి తెచ్చారు. మా మరిది పిచ్చివాడేమీ కాదని తేలింది.

మన దేశంలో టర్బో పెట్రోలు కార్లు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది, పన్ను. 2006 బడ్జెట్ నుంచి, నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకి 1200 సీసీ లోపు ఇంజన్ ఉంటే తక్కువ పన్ను. చీర కొలిచినట్టు కారు కొలిచారు. బలం కావాలి, సీసీ పెరగకూడదు, ఇంకేముంది, ఊదుగొట్టమే. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారైన సోనెట్ 2020లో వచ్చినప్పుడు రెండు పెట్రోలు ఇంజన్లతో వచ్చింది. 1.2 లీటర్ల మామూలుది 83 హార్స్ పవర్, ఒక లీటరు టర్బో 120. చిన్న ఇంజనే పెద్దన్న అయ్యాడు. పైగా అందులో బలం 1,500 తిప్పుల నుంచే అందుతుంది. ఆ పాత పోర్షేలో ఉన్న ఆలస్యం ఇప్పుడు చాలామటుకు లేదు. చక్రాలు చిన్నవయ్యాయి, తేలికయ్యాయి, పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటర్ చూసుకుంటోంది.

ఈ ముక్క మా మరిదికి చెప్పాను. ఆ కాలు సంగతి మా వాడికి చెప్పాను. వాడు సాయంత్రం వెళ్లి బాబాయ్ పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, పెరట్లో బట్టలు తీస్తున్నాను.

కారు వచ్చింది. మొన్న ఆదివారం మోదకొండమ్మ తల్లి దర్శనానికి పాడేరు వెళ్లాం. చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి పల్చబడి మామూలు ఇంజన్ బలం పదో వంతు దాకా తగ్గుతుంది. ఇదివరకు మా పాత కారులో ఈ ఘాట్ ఎక్కాలంటే ఏసీ ఆపి, కిటికీలు దించి, కొంగుతో విసురుకుంటూ వెళ్లేవాళ్లం. ఈసారి ఏసీ ఆపలేదు. నడిపింది మా మరిది. మూడో మలుపు దాటాక మా వాడి వైపు చూసి "ఊఁ" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

పైకి చేరి గుడి దగ్గర ఆపాక ఇంజన్ కట్టెయ్యలేదు. మా అత్తయ్య దిగబోతూ "ఆపవేటిరా, పెట్రోలు ఊరికే వచ్చిందా?" అంది. కొండ ఎక్కిన వేడి మీద వెంటనే ఆపేస్తే లోపల చక్రానికి నూనె అందక అక్కడే మాడిపోతుందని, ఒక్క నిమిషం అలా ఉంచాలని మా మరిది వివరించాడు. ఇదంతా మా వాడు చెప్పాల్సింది. వాడు నోరు మూసుకుని వింటున్నాడు, తనకి తెలియనట్టే.

వచ్చేటప్పుడు మాడుగులలో హల్వా కొన్నాం. కిలో చాలన్నాను, వాళ్లిద్దరూ కలిసి రెండు కిలోలు కట్టించారు.