పసుపుపచ్చ పిట్టలోని మనిషి

అమెరికా చరిత్ర అంటే మనవాళ్లు లింకన్, కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్ అంటారు. ఇక్కడ పిల్లల్ని పెంచినదాన్ని కనుక వాళ్ల సరసన క్యారల్ స్పిన్నీని కూడా నిలబెడతాను. దాదాపు యాభై ఏళ్లు పిట్ట వేషంలో బతికిన ఆయన ముఖం ఇక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు.

1960లలో ఈ దేశ ప్రభుత్వం పేదరికం మీద యుద్ధం ప్రకటించింది. పేదపిల్లలు బడిలో చేరేనాటికే వెనకబడిపోతున్నారని గుర్తించి, ఇంటింటా ఉన్న టీవీతోనే వాళ్లకు అక్షరాలు నేర్పాలని జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మారిసెట్ పూనుకున్నారు. అలా 1969 నవంబరు 10న ‘సెసమీ స్ట్రీట్’ మొదలైంది. అందులో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా ఉంటారు. అది మింగుడుపడక 1970లో మిసిసిపీ రాష్ట్ర విద్యా టీవీ కమిషన్ ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. విషయం పత్రికలకెక్కి నలుగురూ తిట్టిపోశాక, కొద్ది వారాల్లోనే దారికొచ్చింది.

ఆ వీధిలో ఉండే పెద్దపిట్టే బిగ్ బర్డ్. ఎత్తు ఎనిమిది అడుగుల రెండంగుళాలు. స్పిన్నీ కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి పట్టుకుని, ఆ చేత్తోనే పిట్ట తల తిప్పాలి, ముక్కు ఆడించాలి, చిటికెనవేలితో కనురెప్పలు కదపాలి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉంటుంది. కుడి రెక్కలో చెయ్యే ఉండదు, గాలపు దారం ఒకటి దాన్ని ఎడమ రెక్కతో కలుపుతుంది. ఎడమది దించితే కుడిది లేస్తుంది. ఛాతీకి కట్టుకున్న చిన్న తెరలో కెమెరా చూపించిందే ఆయనకు కనిపించేది. అదే వీధిలో చెత్తడబ్బాలో ఉండే చిరాకు బొమ్మ ఆస్కార్‌ను ఆడించిందీ ఆయనే!

మొదట్లో ఆ పిట్టను తెలివితక్కువ పల్లెటూరి బైతుగా ఆడించారు. అలా కాదు, చిన్నపిల్లవాడిగా చేద్దామన్నది స్పిన్నీయే. నా దృష్టిలో ఆయన చేసిన అతిపెద్ద పని అదే. ఏమీ తెలియని పసివాడు ఒకడుంటే, తెలియని పిల్లలందరి తరఫునా వాడే అడుగుతాడు.

1982లో ఆ వీధి కొట్టు యజమాని హూపర్ పాత్రధారి విల్ లీ చనిపోయారు. ఇంకో నటుణ్ణి పెట్టలేదు, ఊరెళ్లాడని బొంకలేదు. 1983 నవంబరులో ఆ సంగతి పిల్లలకే చెప్పారు. పెద్దవాళ్లందరి బొమ్మలూ గీసుకొచ్చి పంచుతాడు బిగ్ బర్డ్. హూపర్ బొమ్మ చేతిలోనే మిగిలిపోతుంది. ఆయన ఇక రాడని చెబితే ఆ పసివాడికి ఒక పట్టాన అర్థం కాదు. చావు గురించి పసిపిల్లలతో ఇంత నిజాయితీగా మాట్లాడిన టీవీ కార్యక్రమం మరొకటి నేను చూడలేదు.

2018లో విశ్రాంతి తీసుకున్న స్పిన్నీ, 2019 డిసెంబరు 8న ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఇక్కడి మీ మనవలు వీడియో కాల్‌లో ఆ పసుపుపచ్చ పిట్టను చూపిస్తే, లోపల చెయ్యెత్తి నిలబడ్డ ఆ మనిషి పేరు కూడా వాళ్లకు చెప్పండి.