మహీన్ గుర్రాలు

2006లో 'గ్యాంగ్‌స్టర్' సినిమాలోని 'భీగీ భీగీ' పాట దేశమంతా మోగింది. సంగీతం ప్రీతమ్, గొంతు బంగ్లాదేశ్ రాక్ గాయకుడు జేమ్స్‌ది. బాణీ మాత్రం కలకత్తా సొత్తు. అప్పటికి పదేళ్ళుగా అది 'పృథిబీటా నాకి' అన్న బెంగాలీ పాటగా అక్కడి కాలేజీ కుర్రాళ్ళ నోళ్ళలో నానుతోంది. టీవీ పెట్టెలోకి ప్రపంచమంతా వచ్చి చేరాక మనుషులు దూరమైపోయారని వాపోయే పాట అది. హిందీలోకి వెళ్ళి విరహగీతమైంది.

ఆ పాట వెనకున్న బృందం మొహీనేర్ ఘోరాగులి, అంటే మహీన్ గుర్రాలు. బెంగాలీలో తొలి రాక్ బ్యాండ్ అదేనంటారు. నడిపినవాడు గౌతమ్ ఛటోపాధ్యాయ, అందరికీ మణిదా. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజియాలజీ చదివాడు. 1960ల్లో ఆంగ్లో ఇండియన్ మిత్రులతో 'ది అర్జ్' అనే జట్టు కట్టి పార్క్ స్ట్రీట్‌లో ఇంగ్లీషు పాటలు వాయించాడు. తర్వాత నక్సల్బరీ అతన్ని లాక్కుపోయింది. శ్రీకాకుళం ఎరిగిన మనకి ఆ రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు. జైలు, ఆ తర్వాత కొన్నాళ్ళు బెంగాల్ వదిలి మధ్యప్రదేశ్‌లో బతుకుతెరువు. 1970ల నడిమికి తిరిగొచ్చి, కలకత్తా నాక్తలాలోని ఇంట్లో తమ్ముళ్ళు ప్రదీప్, బిశ్వనాథ్‌లనీ, రంజన్ ఘోషాల్, తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ, అబ్రహాం మజుందార్‌లనీ కూడగట్టాడు.

ఏడుగురున్నారు కాబట్టి మొదట 'సప్తర్షి' అనుకున్నారు. తర్వాత రంజన్ సలహాతో, జీవనానంద దాస్ 1948 నాటి సంపుటిలోని 'ఘోడా' అన్న కవితలోంచి గుర్రాలని తోలుకొచ్చారు. గిటారు, డ్రమ్స్ పట్టుకున్నవాళ్ళు పేరు కోసం కవిత్వం పుస్తకం తిరగేశారంటే కలకత్తా సంగతి అర్థమవుతుంది.

1977, 78, 79 సంవత్సరాల్లో ఏడాదికొకటి చొప్పున మూడు చిన్న రికార్డులు తెచ్చారు. మొదటిదాని పేరే 'సంబిగ్న పాఖికుల్ ఓ కలకత్తా బిషయక్', అంటే కలవరపడ్డ పక్షుల గురించీ కలకత్తా గురించీ. వయొలిన్, శాక్సఫోన్, బావుల్ జానపద ధోరణి అన్నీ ఒకే పాటలో కలిస్తే, రవీంద్ర సంగీతానికీ సినిమా పాటకీ అలవాటుపడ్డ చెవులు ఒప్పుకోలేదు. 1981కల్లా ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. గౌతమ్ సినిమాల్లోకి వెళ్ళి 'నాగమతి' తీశాడు.

అసలు కథ ఇక్కణ్ణుంచే అని నా ఉద్దేశం. 1992లో గాయకుడు సుమన్ ఛటోపాధ్యాయ 'తోమాకే చాయ్' ఆల్బంతో ఒంటి గిటారు పాటకి జనం చెవి ఒగ్గారు. 1995లో గౌతమ్ 'ఆబార్ బొఛోర్ కురి పొరే' అన్న క్యాసెట్ తెచ్చాడు. విడుదల పుస్తకాల సంతలో! అట్ట మీద గాయకుడి పేరుండాల్సిన చోట 'మొహీనేర్ ఘోరాగులి సంపాదిత', అంటే వాళ్ళ సంపాదకత్వంలో వచ్చింది అని ఉంటుంది. కొత్త కుర్రాళ్ళ పాటలూ తమ పాటలూ ఏరి కూర్చిన సంచిక అన్నమాట. కలకత్తాలో లిటిల్ మ్యాగజీన్, అంటే చిన్న సాహిత్య పత్రిక, ఎలా నడుస్తుందో బ్యాండునీ అలాగే నడిపారు. పత్రిక ఆగిపోవచ్చు, పదేళ్ళకి మళ్ళీ రావచ్చు, రాసేవాళ్ళు మారిపోవచ్చు. 'ఝరా సమయేర్ గాన్', 'మాయా', 'ఖ్యాపార్ గాన్' కూడా అలా వచ్చినవే.

దీనికి పూర్తి భిన్నమైన బ్యాండు ఒకటి చూడండి: సరిగ్గా అదే కాలంలో ఐర్లండులో లిమరిక్ కుర్రాళ్ళు పెట్టిన క్రాన్‌బెర్రీస్ ప్రపంచమంతా వెలుగుతోంది. అక్కడ అంతా ఒక్క గొంతు చుట్టూ తిరిగింది. 2018లో గాయని డొలోరెస్ ఓరియర్డన్ చనిపోయాక, ఆమె పాడి పెట్టుకున్న ముక్కలతో 2019లో ఆఖరి ఆల్బం తెచ్చి దుకాణం కట్టేశారు. ఇక్కడ గౌతమ్ 1999 జూన్‌లోనే పోయాడు. పాటలు మాత్రం ఆగలేదు, ఎందుకంటే అవి అప్పటికే ఇతరుల గొంతుల్లో ఉన్నాయి. కొడుకు గౌరబ్ 'లక్ఖీఛారా' బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. రంజన్ 2020లో పోయాడు. తాపస్ దాస్‌కి కేన్సర్ వచ్చినప్పుడు తర్వాతి తరం గాయకులు కచేరీలు పెట్టి వైద్యానికి డబ్బు పోగుచేశారు. 2023 జూన్‌లో ఆయనా పోయాడు.