ఎండ పేరిట ఒక పద్దు

1878లో పారిస్ ప్రపంచ ప్రదర్శన చూడబోయిన జనానికి అక్కడొక వింత కనిపించింది. తిరగేసిన గొడుగులాంటి పెద్ద అద్దం, దాని నడుమ నిలువుగా ఒక బాయిలర్. పొద్దు ఎటు తిరిగితే అద్దాన్ని అటు తిప్పేవారు. బాయిలర్‌లో నీళ్లు మరిగి ఆవిరయ్యేవి, ఆ ఆవిరితో పంపు నడిచేది. సెప్టెంబరులో ఆ వేడితోనే అమ్మోనియా యంత్రాన్ని నడిపి మంచుగడ్డ చేసి చూపించారు. ఎండతో మంచు! ప్రదర్శన వారు బంగారు పతకం ఇచ్చారు.

ఆ యంత్రం చేసినవాడు ఇంజనీరు కాదు, లెక్కల మాస్టారు. పేరు ఓగుస్తాన్ ముషో. 1861లోనే పేటెంటు తీసుకుని, 1869లో సూర్యతాపం గురించి, పరిశ్రమల్లో దాని వాడకం గురించి పుస్తకం రాశాడు. ఆ ‘పరిశ్రమల్లో’ అన్న మాట గమనించదగ్గది. ఇంట్లో దీపం గురించి కాదు అతని ఆలోచన. పాలు కాచడానికి, బట్టకు రంగు పట్టించడానికి, నూలు ఆరబెట్టడానికి, సారాయి బట్టీ పెట్టడానికి కావలసిన వేడి గురించి. ఫ్యాక్టరీ అనగానే మనకు తిరిగే చక్రం గుర్తొస్తుంది కానీ, చాలా ఫ్యాక్టరీల్లో ఇంధనం కరిగిపోయేది చక్రం దగ్గర కాదు, పొయ్యి దగ్గర.

బడిపంతులు జీతంతో వెండిపూత అద్దాలు రావు. తూర్ నగరంలో అతను పనిచేస్తున్నప్పుడు ఆ జిల్లా మండలి 1,500 ఫ్రాంకులు మంజూరు చేసింది. ఆ డబ్బుతో కట్టిన యంత్రాన్ని ఊరి నడుమ పెట్టి నడిపి చూపించాడు. తర్వాత విద్యాశాఖ 10,000 ఫ్రాంకులిచ్చి అల్జీరియాకు పంపింది. ఫ్రాన్సుకు అది వలస రాజ్యం. అక్కడ ఎండకు కొదవ లేదు, బొగ్గు మాత్రం ఓడల్లో రావాలి. పంతులుగారి అద్దం మీద ప్రభుత్వానికి ప్రేమ పుట్టడానికి కారణం ఇదే. పరిశ్రమల వేడికి బొగ్గు లేని దారి వెతకమని ఖజానా డబ్బిచ్చిన తొలి సందర్భాల్లో దీన్ని చెప్పుకోవాలి.

ఆ ప్రేమ ఎక్కువ కాలం నిలవలేదు. అంతకుముందే, 1860లో, ఇంగ్లండుతో కుదిరిన వాణిజ్య ఒప్పందం వల్ల ఇంగ్లీషు బొగ్గు మీద సుంకం తగ్గింది. రైళ్లు లోపలి జిల్లాలకు పాకాయి. బొగ్గు చవకైంది. ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసి, ఫ్రాన్సులోని మోంపెలియేలో, అల్జీరియాలోని కోన్‌స్తాంతీన్‌లో అద్దాలు నిలబెట్టి పరీక్షలు చేయించింది. మోంపెలియేలో దాదాపు ఏడాదిపాటు రోజూ కొలతలు రాసుకున్నారు. చివరికి తేల్చింది ఒక్కటే: యంత్రం పనిచేస్తుంది, గిట్టుబాటు కాదు. ఆ కూడికల్లో తప్పేమీ లేదు. బొగ్గు ధర, అద్దం ధర పక్కపక్కన పెట్టి చూశారు. పొగ ఖరీదు వేయడానికి ఆ లెక్కలో గడే లేదు.

ముషో మళ్లీ లెక్కల్లోకి వెళ్లిపోయాడు. అతని సహచరుడు ఆబెల్ పిఫ్ర్ మాత్రం 1882లో పారిస్ త్విలేరీ తోటలో ఎండతో అచ్చుయంత్రం నడిపి, అప్పటికప్పుడు ‘సూర్య పత్రిక’ పేరుతో ఒక పత్రిక అచ్చు వేయించాడు. జనం చప్పట్లు కొట్టారు, ఖజానా కదల్లేదు. 1912లో ముషో పేదరికంలోనే కన్నుమూశాడు.

ముషో పుస్తకం చదివి బొంబాయిలో ఒకాయన లేచాడు. విలియం ఆడమ్స్, బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారు. కోర్టు కాగితాలు చూసుకోవలసిన మనిషికి ఇదేం పిచ్చి అని తోటివాళ్లు అనుకునే ఉంటారు. ముషో అద్దం ఆకారం ఖరీదైనదని ఆయనకు అనిపించింది. అందుకని చిన్నచిన్న చదును అద్దాలు 72 తెచ్చి అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, ఎండనంతా ఒకే బాయిలర్ మీదికి మళ్లించాడు. కోలాబాలో తన ఇంటి ఆవరణలో రెండున్నర హార్స్‌పవర్ ఆవిరి పంపు నడిపించి, అధికారులను, ఊరి జనాన్ని పిలిచి చూపించాడు. ఎండపొయ్యి కూడా చేశాడు. జనవరి చలిలోనూ ఏడుగురు సిపాయిల మాంసం, కూరలు దాని మీద రెండు గంటల్లో ఉడికాయి. 1878లోనే పుస్తకం రాసి, ఉష్ణదేశాలకు బొగ్గుకు బదులు ఎండే ఇంధనం అన్నాడు. పనేమీ ముందుకు సాగలేదు. పారిస్‌లో కనీసం సంఘం వేసి కాదన్నారు, ఇక్కడ ఆ మాటైనా అనలేదు.

తర్వాత దాదాపు వందేళ్లు ఈ కథలో చెప్పుకోవలసింది తక్కువ. 1973లో చమురు ధర ఎగబాకగానే మళ్లీ ఖజానాకు ఎండ గుర్తొచ్చింది. అమెరికా ప్రభుత్వం తన డబ్బుతో ఫ్యాక్టరీల్లో సౌరవేడి యంత్రాలు పెట్టించింది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు కడిగే నీళ్లు ఎండకు కాగాయి. టెక్సాస్‌లోని షెర్మన్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ గాజుగుడ్డ చలువ చేయడానికి ఎండ ఆవిరి వాడింది. 1980ల్లో చమురు ధర పడింది, దానితోపాటే కేటాయింపులూ పడ్డాయి. ముషోకు జరిగిందే, తేదీలు మారాయంతే.

మన దేశంలో ఈ విద్య ఫ్యాక్టరీ గేటు నుంచి కాక, వంటశాల గుమ్మం నుంచి లోపలికొచ్చింది. వుల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే ఆయన 1986లో కెన్యాలోని ఒక మిషన్ కేంద్రంలో కొత్తరకం అద్దం చేశాడు. అద్దం సూర్యుడితోపాటు తిరుగుతుంది కానీ, వేడి పడే చోటు మాత్రం కదలదు. ఊళ్లో వెల్డింగు పని తెలిసినవాడు కూడా కట్టగలిగేంత తేలికైన పని. గుజరాత్‌లోని వల్సాడ్‌కు చెందిన గాధియా దంపతులు దాన్ని ఇక్కడికి తెచ్చారు. 1990ల చివర్లో రాజస్థాన్‌లోని ఆబూ దగ్గర బ్రహ్మకుమారీల వంటశాలలకు ఆ ఆవిరి చేరింది.

2002లో తిరుమల వంతు. అన్నదానం వంటశాల కోసం 106 అద్దాలు బారులు తీరాయి. రోజుకు 15,000 మందికి వండడానికి సరిపోయే లెక్కన, 180 డిగ్రీల ఆవిరి 4,000 కిలోలు తయారయ్యేలా కట్టారు. మబ్బు పట్టినా, చీకటి పడినా వంట ఆగకూడదు కనుక పాత డీజిల్ బాయిలర్‌ను తీసేయలేదు, ఎండ ఆవిరిని దాని గొట్టాలకే కలిపారు. ఏడాదికి 1,18,000 లీటర్ల డీజిల్ మిగులుతుందని అంచనా. ఖర్చు దాదాపు 1 కోటి 10 లక్షల రూపాయలు, అందులో కేంద్ర సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ సాయమూ ఉంది. ఆ మొత్తంలో అయిదేళ్ల నిర్వహణ ఒప్పందం ఖర్చును కూడా కలిపారు. ఈ చరిత్ర అంతటిలో తెలివైన పని ఏదంటే ఆ ఒక్క పద్దునే చూపించాలి. అద్దం కొనడం ఒకనాటి పని. రోజూ దుమ్ము తుడవడం, అద్దాన్ని తిప్పే గొలుసుకు గ్రీజు పెట్టడం ఏళ్ల తరబడి సాగే పని. సబ్సిడీలు మొదటిదానికి దొరికినంత సులువుగా రెండోదానికి దొరకవు.

2006 ప్రాంతంలో మహారాష్ట్రలోని లాతూరులో ఒక పాల డెయిరీకి ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ శిరీష్ కేదారే రూపొందించిన అద్దం వచ్చింది. 160 చదరపు మీటర్ల ఆ ఒక్క అద్దం ఇచ్చిన వేడితో పాలు పాశ్చరైజ్ చేశారు. 2009లో షిర్డీ వంటశాల మీద 73 అద్దాలు లేచాయి. 2012 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి కూడా చేయి కలిపి, ఇలాంటి వేడిని ఫ్యాక్టరీల దాకా తీసుకుపోవడానికి మన ప్రభుత్వంతో పనిచేశాయి.

ఇప్పుడు అద్దాల స్థానంలో హీట్ పంపులు, కరెంటు బాయిలర్లు వచ్చాయి. సొమ్ము పరిమాణం కూడా మారిపోయింది. 2024 మార్చిలో అమెరికా ఇంధన శాఖ ఫ్యాక్టరీల పొగ తగ్గించడానికి 33 ప్రాజెక్టులకు 600 కోట్ల డాలర్లదాకా ఇస్తామంది. క్రాఫ్ట్ హైంజ్ ఆహార ఫ్యాక్టరీలు పదింటిలో వేడి పద్ధతి మార్చడానికి చెప్పిన మొత్తమే 17 కోట్ల డాలర్లు. ప్రభుత్వం మారింది. 2025 మే చివర్లో అదే శాఖ 24 గ్రాంట్లు రద్దు చేసింది, విలువ 370 కోట్ల డాలర్లు. క్రాఫ్ట్ హైంజ్ పేరు ఆ జాబితాలో ఉంది. మోంపెలియేలో కాదనే ముందు కనీసం ఏడాది కొలిచి చూశారు. అమెరికాలో చాలా ప్రాజెక్టులు కాగితాల దశ దాటనే లేదు.