వెన్నుపాము: చరిత్ర

మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం దగ్గర మొదలై వెన్నెముక లోపలి గొట్టంలో కిందికి దిగే నాడీ కణజాలం వెన్నుపాము. పెద్దవారిలో పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెన వేలంత. నడుము మొదటి, రెండో పూసల మధ్యే అది ఆగిపోతుంది. సిజేరియన్‌కు ముందు నడుములో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ అంతకంటే కింద వేసేది అందుకే. లోపల సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, చుట్టూ తెల్ల పదార్థం ఉంటాయి. ఇరువైపులా 31 జతల నాడులు బయలుదేరతాయి. ఏ నాడి ఏ మట్టంలో పుడుతుందన్నది వెన్నుపాము చరిత్రలో ఒక ముఖ్య ప్రశ్న.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పాపిరస్, మెడపూస తప్పి కాళ్లూ చేతులూ స్పర్శ కోల్పోయిన మనిషిని వైద్యానికి లొంగని కేసుగా రాసింది. క్రీ.శ. రెండో శతాబ్దంలో గాలెన్ జంతువుల వెన్నుపామును వేర్వేరు మట్టాల్లో కోసి, దెబ్బ ఎంత పైన పడితే నష్టం అంత ఎక్కువని చూపాడు. కదలికను నడిపేవి ముందువైపు నాడీమూలాలని 1811లో చార్లెస్ బెల్ గుర్తించాడు. వెనకవి స్పర్శను మోస్తాయని 1822లో ఫ్రాంస్వా మజాండీ తేల్చాడు. ఘనత ఎవరిదన్న తగాదా చాలాకాలం నడిచింది. మోకాలి కింద తడితే కాలు ఎగరడం వంటి ప్రతిచర్యలు మెదడు ఆజ్ఞ కోసం ఆగవు, వెన్నుపామే జరిపిస్తుంది. వీటిని శోధించిన షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ దక్కింది.

తెలుగు నేలలో ఈ చరిత్ర నీళ్లతో ముడిపడింది. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నమోదు చేసింది. తర్వాత ఇదే జబ్బుతో నల్గొండ పేరు మోగింది. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగితే పూసలు దళసరెక్కి, లోపలి గొట్టం ఇరుకవుతుంది. ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుని, చివరికి పడిపోవచ్చు. హైదరాబాద్ నాడీశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఈ రోగుల మీద విస్తారంగా పరిశోధించారు.

తెలుగు సినిమా వెన్నుపాము దెబ్బను సూటిగా పట్టుకున్నది 2016 నాటి ‘ఊపిరి’లో. వంశీ పైడిపల్లి దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో నాగార్జున పాత్ర, పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది భాగమంతా చచ్చుబడ్డ ధనికుడు. మూలం ఫ్రెంచి చిత్రం ‘ది ఇన్‌టచబుల్స్’. దాని వెనక 1993లో అలాంటి ప్రమాదానికే గురైన ఫిలిప్ పొజ్జో డి బొర్గో నిజజీవితం ఉంది. కుర్చీలో కదలని మనిషి మాట్లాడగలడా అన్న అనుమానానికి జవాబు మెడలోనే ఉంది. శ్వాసకండరమైన ఉదరవితానాన్ని ఆడించే నాడి మెడలోని మూడు, నాలుగు, ఐదో జతల నుంచి వస్తుంది. అది పనిచేస్తే కాళ్లూ చేతులూ పడిపోయినా శ్వాస, మాట నిలుస్తాయి. పాత సినిమాల్లో షాక్ తగలగానే కుర్చీలోంచి లేచి నిలబడే తండ్రులకు మాత్రం శరీరశాస్త్రం పూచీపడదు. కొంత భాగమే దెబ్బతిన్నవారికి నెలల తరబడి వ్యాయామంతో కొంత కదలిక తిరిగిరావచ్చు. పూర్తిగా తెగిన తంతులను మళ్లీ అతికించే వైద్యం ఇంకా లేదు.

అందుకే ఫైట్ సీన్‌లో రోప్ తెగి పడినా, బండి మీంచి పడినా, వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆ మనిషిని చంకల కింద పట్టి లేపి కూర్చోబెట్టకూడదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి, 108 అంబులెన్సు వచ్చేదాకా కదపకూడదు.